అటక మీద దొరికినవి, చేత్తో చేసినవి, తిరిగి చూసొచ్చినవి: ఫోటోలు పెట్టండి, సంగతీ రాయండి

గోలీసోడా · 11 జనవరి, ఉదయం 6:52

అందరికీ నమస్కారం. భోగి మంటకి పాత సామాను దింపుదామని నిన్న అటక ఎక్కాను. దింపింది తక్కువ, అక్కడే కూర్చుని చూసుకున్నది ఎక్కువ. మా ఆవిడ రెండుసార్లు కింద నుంచి కేకేసింది, మూడోసారి నిచ్చెన తీసేస్తానంది.

ఈ వారం అందరిళ్లలోనూ ఇదే భాగోతం కాబట్టి కొత్త థ్రెడ్ మొదలుపెడుతున్నా. మీరు చేసినవి, పోగేసినవి, వెళ్లి చూసొచ్చినవి, ఏవైనా సరే ఫోటోలు పెట్టండి. ఒక్కటే షరతు. ఉత్త ఫోటో పడేసి "ఎలా ఉంది ఫ్రెండ్స్" అని వెళ్లిపోవద్దు. ఎక్కడిది, ఎంత సైజు, ఎలా చేశారు, ఎక్కడ చెడింది, అదంతా రాయండి. పోయినసారి ఎవరో ఇత్తడి సామాను ఫోటో పెట్టారు. అది చెంబో గంగాళమో తేలక మూడు రోజులు కొట్టుకున్నాం. పక్కన కనీసం ఒక అగ్గిపెట్టె పెట్టండి బాబూ.

నా వంతు. ఫోటో 1, 2: మా నాన్న సోడా కొట్టు నుంచి మిగిలిన గోలీ సీసాలు, మొత్తం 23. రెండో ఫోటోలో మెడ దగ్గరగా తీశాను. ఆ రెండు నొక్కులు చూశారా? సీసా వంచి తాగేటప్పుడు గోలీ వచ్చి మూతికి అడ్డం పడకుండా అక్కడ ఆగిపోతుంది. పైన రబ్బరు రింగు ఉంటుంది, లోపలి గ్యాస్ గోలీని దానికేసి అదిమి పెడుతుంది. ఇక వేరే మూత ఎందుకు? హైరం కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. గోలీ కోసం పిల్లలు సీసా మెడ పగలగొడతారని పాపం ఆయన అనుకుని ఉండడు. మా 23లో ఐదింటికి మెడలు లేవు. ఆ ఐదూ నా పనే.

బుజ్జి_తెనాలి · 11 జనవరి, ఉదయం 9:31

అన్నా, నీ పోస్టు చదివి నేనూ అటకెక్కా. అమ్మమ్మ రేకుపెట్టెలో గుడ్డ మూట, మూటలో ఈ బిళ్ల. ఒక వైపు చార్మినార్ బొమ్మ ఉంది. రెండో వైపంతా ఉర్దూనో అరబిక్కో. నల్లగా మాడిపోయినట్టు ఉంటే పళ్లపొడి వేసి పాత బ్రష్షుతో అరగంట తోమా. తళతళా వచ్చేసింది!

ఒక్కటే బాధ. నెట్‌లో అంకెల పట్టిక పక్కన పెట్టుకుని చూస్తే చార్మినార్ ఉన్న వైపు 133 అని ఉంది. దాని పక్కన చిన్న మచ్చ. దాన్ని మాత్రం ఎంత తోమినా పోలేదు. చింతపండు పెట్టి కూడా చూశా. ఫ్లాష్ వేసి తీశా కాబట్టి ఫోటోలో మధ్యలో తెల్లగా వచ్చింది, సారీ. ఇది ఎంత పలుకుతుంది? 133 ఏళ్ల నాటిదని రాసుకోవచ్చా?

హాలీసిక్కా · 11 జనవరి, ఉదయం 10:04

అయ్యో నాయనా.

ఆ మచ్చ మచ్చ కాదు, సున్నా. ఆ లిపిలో సున్నాని చుక్కగానే పెడతారు. నువ్వు అరగంట సేపు తోమింది సంవత్సరంలో చివరి అంకెని. అది 133 కాదు, 1330. హిజ్రీ, అంటే ముస్లిం క్యాలెండర్ లెక్క. మన క్యాలెండర్‌లో అది 1911 డిసెంబరు చివర్లో మొదలైంది, అంటే మీ నాణెం దాదాపుగా 1912 నాటిది.

ఇది నిజాం హాలీ సిక్కా రూపాయి. చార్మినార్ గుమ్మంలో ఒక అక్షరం కనిపిస్తోందా? అది "ఐన్". ఉస్మాన్ పేరులో మొదటి అక్షరం. అంటే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాణెం, ఆయన గద్దెనెక్కిన కొత్తలోది. అదే గుమ్మంలో "మీమ్" ఉంటే వాళ్ల నాన్న మహబూబ్ అలీ ఖాన్‌ది. చార్మినార్ రూపాయి చూపించి "ఇది ఎవరిది" అని ఎవరడిగినా నేను ముందు గుమ్మంలోకే చూస్తా. ఐన్‌లో కూడా పొట్టిది, నిండుది అని రెండు రకాలున్నాయి. నీ ఫ్లాష్ పుణ్యమా అని అది ఏదో ఇక్కడ కనపడటం లేదు.

బరువు 11.18 గ్రాములకి దగ్గరగా ఉండాలి. వెండి వందకి 81.8 పాళ్లు. ఇంట్లో బంగారం తూచే చిన్న త్రాసు ఉంటే తూచి చెప్పు.

ఇక తోమడం గురించి. వెండి నల్లబడటం జబ్బు కాదు. గాలిలోని గంధకం తగిలి పైన పల్చటి పొర కడుతుంది, నాణేలు పోగేసేవాళ్లు దాన్ని చూసే ముచ్చటపడతారు. పళ్లపొడిలో సన్నటి ఇసుకలాంటి పొడి ఉంటుంది. బ్రష్షుతో కలిసి అది వెంట్రుకల్లాంటి గీతలు గీస్తుంది, వెలుతురు ఏటవాలుగా పడితే అన్నీ బయటపడతాయి. నీ నాణెం ఇప్పుడు మెరుస్తోంది నిజమే, కొత్త స్టీలు గ్లాసులాగా. ధర ఎంతని నేను చెప్పను, చెబితే నీకు ఇంకా బాధ.

నన్ను చూసి నవ్వుకో. 1983లో నేను ఒక డబ్బా నిండా రాగి పైసల్ని నిమ్మకాయతో రుద్దినవాణ్ణి. అప్పుడు చెప్పేవాళ్లు లేరు.

మళ్లీ ఫోటో తీయి. ఫ్లాష్ వద్దు. పొద్దున కిటికీ దగ్గర నల్ల గుడ్డ మీద నాణెం పెట్టు. ఎండ నేరుగా పడకూడదు, పడితే మధ్యలో బటర్ పేపర్ అడ్డం పెట్టు. రెండు పక్కలా సమానంగా పుస్తకాలు పేర్చి వాటి మీద ఫోన్ ఆనించు, లెన్సు నాణేనికి సరిగ్గా పైన ఉండాలి. చేత్తో పట్టుకుని తీస్తే గుండ్రటి నాణెం కోడిగుడ్డులా వస్తుంది. అంచుల్ని కూడా తీయి.

బుజ్జి_తెనాలి · 11 జనవరి, ఉదయం 10:11

మచ్చ అనుకున్నది సున్నానా!! అమ్మకి చెప్తే పడీ పడీ నవ్వుతోంది. సార్, ఇంకా తోమనని ఒట్టు.

సందుచుక్క · 11 జనవరి, సాయంత్రం 6:40

న్యూజెర్సీ నుంచి. ఇక్కడ బయట మైనస్ ఆరు, వాకిలి మొత్తం మంచు గడ్డ. అందుకని కారు బయట నిలబెట్టి గరాజ్ నేల మీద వేశాను. 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు. బియ్యప్పిండి. మా ఊళ్లో అయితే రాతి ముగ్గుపిండి బకెట్‌తో తెచ్చి పెట్టేవాళ్లు, అది వేళ్ల సందుల్లోంచి ఒక్క తీరుగా జారుతుంది. బియ్యప్పిండి ముద్ద కడుతుంది, గీత ఒకచోట లావు ఒకచోట సన్నం. సిమెంటు నేల చల్లదనానికి అరగంటకి వేళ్లు తిమ్మిరెక్కాయి.

ఫోటో 1 నిచ్చెన మీద నుంచి తీసింది. ఫోటో 2 మా అబ్బాయి తీశాడు, అందులో ముగ్గు కన్నా నా నడుము నొప్పి ఎక్కువ కనిపిస్తోంది.

కొత్తవలస_ప్యాసింజర్ · 11 జనవరి, రాత్రి 8:15

అక్కా, ముగ్గు బ్రహ్మాండం. తప్పుగా అనుకోకపోతే ఒక మాట. నాకు ఏది కనపడినా లెక్కపెట్టే జబ్బుంది. 15 నుంచి 8కి రెండు వైపులా దిగితే మొత్తం 169 చుక్కలు రావాలి. మీ ఫోటోలో 168 ఉన్నాయి. పై నుంచి నాలుగో వరుసలో 11 ఉండాలి, 10 ఉన్నాయి. అందుకే కుడివైపు పువ్వు రెక్క ఒకటి పక్కకి లాగినట్టు వచ్చింది.

సందుచుక్క · 11 జనవరి, రాత్రి 8:32

నిన్న రాత్రంతా ఆ రెక్క ఎందుకు కుదరలేదా అని జుట్టు పీక్కున్నా! మా వారిని మూడుసార్లు లెక్కపెట్టమన్నా, మూడుసార్లూ "సరిగ్గానే ఉన్నాయి" అన్నారు. మీ పోస్టు చూపించాను. ప్రస్తుతం ఆయన గరాజ్‌లో లేరు.

కొత్తవలస_ప్యాసింజర్ · 11 జనవరి, రాత్రి 8:58

హహ. బావగారికి నా క్షమాపణలు. నా ఫోటోలు కూడా లెక్కల జబ్బువే. విశాఖ నుంచి అరకు, కిరండూల్ లైను. ఇది నా పదకొండో ప్రయాణం. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి చేర్చడానికి 1960ల్లో వేసిన లైను ఇది, మనం ఎక్కే ప్యాసింజరు దీనికి తర్వాత వచ్చిన చుట్టం. దారి పొడవునా ఖనిజం బళ్లకి దారిచ్చి ఆగుతుంటే అది అర్థమవుతుంది.

సొరంగాలు 58 అంటారు. నేను పదకొండు సార్లు లెక్కపెట్టాను, ఒక్కసారీ 58 రాలేదు. ఎక్కువసార్లు బొర్రా గుహలు దాటాక చెడుతుంది, సరిగ్గా అప్పుడే వేరుశెనక్కాయలవాడు వస్తాడు. ఈసారి 54.

ఫోటో 3 చూడండి, శిమిలిగూడ స్టేషన్ బోర్డు. సముద్రమట్టానికి 996 మీటర్ల చిల్లర ఎత్తు. బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తయిన స్టేషన్ అని ఒకప్పుడు పేరు, కాశ్మీరు లైను వచ్చాక ఆ పేరు పోయింది. కానీ బోర్డు దగ్గర సెల్ఫీలకి మాత్రం ఏ లోటూ లేదు. బండి అక్కడ ఆగేది కాసేపే, ఆ కాసేపట్లో బోర్డు ముందు పది మంది. నాకు దొరికింది బోర్డు, ఒక నీలం చొక్కా, ఒకరి మోచెయ్యి.

అద్దాల బోగీ వాళ్లకి ఒక చిట్కా. అద్దంలో మీ మొహాలే పడుతున్నాయా? లెన్సుని అద్దానికి పూర్తిగా ఆనించి, చుట్టూ నల్ల రుమాలు కప్పండి. గుమ్మంలో వేలాడుతూ తీయకండి, సొరంగం గోడ మీరు అనుకున్న దానికన్నా దగ్గరగా ఉంటుంది.

పొణికి · 12 జనవరి, ఉదయం 7:20

నేను ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు బొమ్మలు చెక్కుతాను. మాది విజయవాడ, కొండపల్లి పక్కనే. అక్కడి బొమ్మల కాలనీలో ఒక పెద్దాయన దగ్గర ఆదివారాలు కూర్చుని చూసి నేర్చుకున్నాను. నేర్చుకున్నాను అనడం పెద్ద మాట. చూశాను.

ఫోటో 1: అంబారీ ఏనుగు, ఎత్తు 14 సెంటీమీటర్లు (పక్కన అగ్గిపెట్టె ఉంది గోలీసోడా గారూ). ఫోటో 2: అదే ఏనుగు, ఐదు రోజుల తర్వాత. తొండం ఊడి కింద పడింది.

తెల్ల పొణికి కర్ర చేత్తో పట్టుకుంటే అసలు కర్రలా ఉండదు, బెండులా తేలిక. ఉలి వెన్నలో దిగినట్టు దిగుతుంది. అందుకే తొందరపడ్డాను. కర్ర పూర్తిగా ఆరలేదు. బొమ్మని ఒకే దుంగలో చెక్కరు, ఒళ్లు వేరు, కాళ్లు వేరు, తొండం వేరు చేసి మక్కుతో అతుకుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దే మక్కు. అతుకుల మీద, సొట్టల్లో అదే పూసి నునుపు చేసి, పైన సుద్ద పట్టించి రంగులు వేస్తారు. నా కర్రలో తడి ఉండిపోయింది. అది ఆరుతూ కుంచించుకుపోయేసరికి అతుకు విచ్చుకుంది. పెద్దాయన ఫోటో చూసి ఒక్కటే అడిగారు: "పొగకి పెట్టావా?" పెట్టలేదు. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో పొగ పెడితే ముందు ఆరేది కర్ర కాదు, నా అద్దె అగ్రిమెంటు.

రెండో ప్రశ్న అందరికీ. వానాకాలంలో చింతగింజ జిగురుకి బూజు పడుతోంది. ఏం కలపాలి?

కసిమికుండ · 12 జనవరి, మధ్యాహ్నం 2:05

తమ్ముడూ, పుస్తకాల బైండింగ్ వాళ్లు మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు, బూజు, పురుగు రెండూ పట్టవు. కానీ అది విషం. నీ ఏనుగు పిల్లల చేతికి వెళ్లి, అక్కడి నుంచి నోట్లోకి వెళ్తుంది. బొమ్మలకి వద్దే వద్దు. ఏ రోజు మక్కు ఆ రోజే కొంచెం కొంచెం చేసుకో.

వాసన గురించి బాధపడే హక్కు మాత్రం నాకే ఉంది. నేను శ్రీకాళహస్తి తరహా కలం కలంకారీ చేస్తాను, సరదాకే, అమ్మను. ఫోటో 1లో ఆరేసిన బట్ట కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచినది. పాలలోని కొవ్వు ఉంటే సిరా బట్ట మీద పాకదు, గీత గీసినచోటే నిలుస్తుంది. కానీ ఎండలో అది ఎలా కంపు కొడుతుందో ఫోటోలో రాదు, అది మీ అదృష్టం. పక్కింటావిడ "పాలు విరిగాయా అమ్మా" అని మర్యాదగా అడిగింది, రెండో రోజు మర్యాద తగ్గింది.

ఫోటో 2లో ఉన్నది నా పేరు వచ్చిన కుండ. తుప్పు పట్టిన మేకులు, బెల్లం, నీళ్లు. మూడు వారాలు ఊరింది. దాన్నే కసిమి అంటారు, నల్ల రంగు.

ఫోటో 3, 4, 5 వరుసగా చూడండి. వెదురు పుల్ల చివర ఉన్ని చుట్టి దారం కట్టిన కలంతో గీస్తున్నా. 3లో గీత మురికి నీళ్లలా ఉంది, దాదాపు కనపడదు. 4 కొన్ని క్షణాల తర్వాత, బూడిద రంగు. 5లో నలుపు. ఇనుము నీళ్లు కరక్కాయ వగరుతో కలిసినప్పుడే నలుపు పుడుతుంది. అంటే రంగు కలంలో ఉండదు, బట్టలోనే సగం దాక్కుని ఉంటుంది. ఎన్నిసార్లు చేసినా ఆ నల్లబడే క్షణంలో నేను కలం ఆపేసి చూస్తాను. తప్పు గీత గీసినా అలాగే నల్లబడుతుంది, చెరపడం కుదరదు. నా నెమలికి ఐదో గోరు అలా వచ్చిందే.

పొణికి · 12 జనవరి, మధ్యాహ్నం 2:30

అక్కా, మీ 3-4-5 ఫోటోలు చూసి ఆఫీసులో పని ఆపేశాను. ఇంత విడమరిచి ఎవరూ చూపించలేదు. నెమలికి ఐదో గోరు ఉంటే ఉండనివ్వండి, నా ఏనుగుకి తొండమే లేదు.

హాలీసిక్కా · 12 జనవరి, సాయంత్రం 5:10

పొద్దుటి నుంచి ఇద్దరు మెసేజీలో అడిగారు కాబట్టి ఇక్కడే రాస్తున్నా. హాలీ రూపాయి, ఇంగ్లీషు రూపాయి ఒకటి కాదు. ఇంగ్లీషు రూపాయిని మా దిక్కు కల్దార్ అనేవారు. ఏడు హాలీలకి ఆరు కల్దార్లు. నూరు కల్దార్లు కావాలంటే 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు ఇవ్వాలి. మనం చదివింపుల్లో నూటపదహార్లు ఇచ్చేది అందుకే. నలభై ఏళ్లుగా ప్రతి పెళ్లిలో ఈ ముక్క చెప్తున్నా, భోజనాల దగ్గర మంచిగ పనికొస్తుంది. పోలీస్ యాక్షన్ తర్వాత కూడా హాలీ సిక్కా కొన్నాళ్లు నడిచింది, పూర్తిగా చెల్లకుండా పోయింది 1959లో.

గోదారిగట్టు · 12 జనవరి, రాత్రి 9:45

పెద్దవారు, నాణేల విషయంలో మీ మాటే ప్రమాణం అండి. కానీ నూటపదహార్ల దగ్గర నాకు అనుమానం. మా గోదావరి జిల్లాలు 1766 తర్వాత నిజాం చేతిలోంచి ఇంగ్లీషువాళ్లకి పోయాయి. మావాళ్లకి హాలీతో లావాదేవీ ఏముందండి? అయినా మా ఊళ్లో పంతులుగారికి ఇచ్చేది నూటపదహార్లే. 516, 1116 కూడా ఇస్తాం, వాటికి ఏ మారకం రేటు చెప్తారు? పైగా మీ లెక్క 116 మీద పదణాలు పైచిలుకు, అంటే 117కే దగ్గర. సున్నాతో అంతమయ్యే అంకె ఇవ్వకూడదు, పైన కొంచెం మిగలాలి అనేది పాత ఆచారం. మారకం లెక్క దానికి దగ్గరగా వచ్చింది, అంతే అనిపిస్తుందండి.

హాలీసిక్కా · 12 జనవరి, రాత్రి 10:20

గోదారిగట్టు గారూ, 1116 సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. మారకం రేటు మాత్రం రాతలో ఉన్నది, అందులో మార్పు లేదు. దాని వల్లే నూటపదహార్లు వచ్చాయని ఇకనుంచి గట్టిగా అనను, "అంటారు" అని అంటా. మొన్ననే మా అన్న మనవడి పెళ్లిలో గట్టిగా చెప్పి వచ్చా, ఏం చేస్తాం.

మోటబావి · 13 జనవరి, ఉదయం 8:00

కొత్తగా చేరాను. మా పొలంలో పాడుబడ్డ మోటబావి గోడ బొరియలో గుడ్లగూబ పిల్లలు మూడు. ఫోన్‌తో దగ్గరికి వెళ్లి తీశా. ఊరు పేరు, దారి కింద రాశాను, చూడాలనుకునేవాళ్లు రావచ్చు.

*(ఊరు పేరు, దారి వివరాలు తీసేశాం. – గోలీసోడా)*

గూడబాతు · 13 జనవరి, ఉదయం 8:25

మోటబావి గారూ, ఫోటో అద్భుతంగా ఉంది. మూడోది ఒక కన్ను మూసి చూస్తోంది, చూశారా? కానీ దయచేసి ఊరు పేరు తీసేయండి. గుడ్లగూబల్ని పట్టి అమ్మేవాళ్లు ఉన్నారు, వాళ్లూ ఇలాంటి పోస్టులు చదువుతారు. ఇంకొకటి, గూటి దగ్గరికి వెళ్తే తల్లి బెదిరి తిండి తేవడం మానేస్తుంది. మీరు ఒక్కరే వెళ్లారు, సరే. పోస్టు చూసి పదిమంది వస్తే?

నేను పన్నెండేళ్లుగా నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్తున్నాను. ఏటా గూడబాతులు (పెలికాన్లు) వచ్చి చెరువులో కడప అనే రకం చెట్ల మీద గూళ్లు కడతాయి. అక్కడ గట్టు మీద నుంచి, టవరు మీద నుంచి చూడటమే. నా ఫోటో అందుకే అంత దూరం నుంచి ఉంది. పక్షి చిన్నదిగా ఉందని పోయినేడు ఒకాయన వెక్కిరించాడు. ముక్కున పుల్ల పట్టుకుని దిగుతోంది చూడండి, ఆ పుల్ల పక్షి కన్నా పొడుగు. మూడుసార్లు కొమ్మల్లో ఇరుక్కుంది, నాలుగోసారి వేరే గూటి వాళ్లది ఎత్తుకుపోయింది.

మోటబావి · 13 జనవరి, ఉదయం 8:50

నాకు తెలియలేదండి. ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను, అక్కడా తీసేస్తాను. ఇక బావి దగ్గరికి పోను, చేను గట్టు నుంచే చూస్తా.

గోలీసోడా · 13 జనవరి, ఉదయం 9:15

పేరు తీస్తే సరిపోదు, ఇది అందరికీ. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోన్ ప్రతి ఫోటో లోపలా తీసిన చోటు అక్షాంశం, రేఖాంశం రాసిపెడుతుంది. గుడ్లగూబ గూడే కాదు, వెండి నాణేలు ఉన్న రేకుపెట్టె ఏ ఇంట్లో ఉందో కూడా (బుజ్జీ, నీకే). కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే పోకుండా అలాగే వెళ్తుంది.

ఇంకో గొడవ. సందుచుక్క గారి ముగ్గు ఫోటో ఎవరో ఎత్తుకుపోయి, వాళ్ల పేరు అచ్చేసి, "మా వాకిట్లో" అని వేరేచోట పెట్టారు. దొంగని పట్టుకోవడం తేలికే అయింది, 168 చుక్కలే ఉన్నాయి.

సందుచుక్క · 13 జనవరి, సాయంత్రం 7:10

పైగా వాళ్ల వాకిట్లో మా కారు నూనె మరక కూడా ఉంది 😄

హాలీసిక్కా బాబాయ్ గారూ, మా అబ్బాయి స్కూల్లో వచ్చే నెల "మా తాతల దేశం" అని చిన్న ప్రదర్శన ఉంది. చార్మినార్ రూపాయి ఒకటి కొని పోస్టులో పంపగలరా? డబ్బు ముందే పంపిస్తాను.

హాలీసిక్కా · 13 జనవరి, రాత్రి 9:00

పంపను తల్లీ, పంపకూడదు. 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దేశం దాటించకూడదు. దాన్ని దాచుకోవచ్చు, మన దగ్గర కొనొచ్చు, పోస్టులో న్యూజెర్సీకి మాత్రం పోకూడదు. మంచి ఫోటోలు రెండు వైపులా పెద్ద సైజులో పంపిస్తా, అట్టకి అంటించి గుండ్రంగా కత్తిరించుకోండి. గుమ్మంలో ఐన్ ఎక్కడుందో బాబుకి బాణం గుర్తు పెట్టి చూపించండి.

ఇదే మాటలో ఇంకొకటి. అటక మీద దొరికింది మీదే. పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో పది రూపాయల విలువ దాటిన పాత సొత్తు బయటపడితే కలెక్టరుకి చెప్పాలి. 1878 నాటి చట్టం, పది రూపాయలు కూడా అప్పటి పదే. ఎవరికీ చెప్పకుండా కరిగిస్తే జైలు సంగతి తర్వాత, చరిత్ర పోతుంది, నాకు అది ఎక్కువ కడుపుమంట.

పొణికి · 15 జనవరి, ఉదయం 11:40

తొండం మళ్లీ అతికించాను. ఈసారి కర్ర ముక్కని కొండపల్లి పంపి పెద్దాయన ఇంట్లో పొగకి పెట్టించాను. ఫోటో 1. తొండం కొంచెం ఎడమకి తిరిగింది. అరటిపండు అటు వైపు ఉందనుకోండి.

సందుచుక్క · 16 జనవరి, సాయంత్రం 5:30

కనుమ రథం. తాడు గీత గరాజ్ గుమ్మం దాటించి, పక్కింటివాళ్ల వాకిలి దాకా లాగాను. మా ఊళ్లో అయితే అది పక్కింటి రథానికి తగులుతుంది, అక్కడి నుంచి ఆ పక్కింటికి. ఇక్కడ పక్కింట్లో పోలండ్ ముసలాయన ఉంటారు. మంచు ఊడ్చే పార పట్టుకుని బయటికి వచ్చి, గీత చూసి, దాని మీద పార పడకుండా చుట్టూ ఊడ్చి వెళ్లారు. ఫోటో 2 ఆ ఊడ్చిన వంకర దారి.

కొత్తవలస_ప్యాసింజర్ · 16 జనవరి, సాయంత్రం 5:44

రథం చక్రానికి ఆకులు ఎనిమిది, సరిపోయాయి. బావగారు ఇంట్లోకి రావచ్చు.

బుజ్జి_తెనాలి · 17 జనవరి, ఉదయం 8:10

సార్, మీరు చెప్పినట్టే తీశా. నల్ల చీర ముక్క, కిటికీ వెలుతురు, రెండు పక్కలా నా పాత ఇంటర్ ఫిజిక్స్ పుస్తకాలు (ఇన్నాళ్లకి పనికొచ్చాయి). బరువు 11.1. అంచు ఫోటోలు కూడా పెట్టా.

హాలీసిక్కా · 17 జనవరి, ఉదయం 8:48

శభాష్. ఇప్పుడు చూడు, నిండు ఐన్, ఎంత తేటగా కనిపిస్తోందో. సున్నా కూడా బతికే ఉంది.

మూడో ఫోటోలో పై అంచు దగ్గర చిన్న గరుకు ముద్ద ఉంది. అది మురికి కాదు, టంకం. ఎప్పుడో దీనికి కొక్కెం అతికించి తర్వాత తీసేశారు. అంటే దండలోనో మొలతాడుకో వేసుకున్న నాణెం. తెనాలి సర్కారు జిల్లా, అంటే అప్పట్లో ఇంగ్లీషువాళ్ల కింద ఉన్నది, మీ ఇంటికి నిజాం రూపాయి ఎట్ల వచ్చింది? అమ్మమ్మ ఉంటే అడుగు.

బుజ్జి_తెనాలి · 17 జనవరి, ఉదయం 11:25

అడిగా సార్. అమ్మమ్మ పుట్టిల్లు మధిర దగ్గర పల్లెటూరు, అప్పట్లో నిజాం రాజ్యమే. పెళ్లయి ఇటు వచ్చేటప్పుడు వాళ్ల నాయనమ్మ తన మెడలోంచి తీసి వేసిన రూపాయల దండట. మొత్తం ఐదు. "ఇక్కడ ఇవి చెల్లవని మీ తాత నవ్వేవాడు" అంది.

మిగతా నాలుగూ ఏవి అంటే, నేను పుట్టినప్పుడు కరిగించి నాకు కాలిగజ్జెలు చేయించారట. ఈ ఒక్కటి దాచుకుందట. ఆ గజ్జెలు అటక మీదే ఇంకో పెట్టెలో ఉన్నాయంది. నల్లబడి ఉంటాయట. నిచ్చెన వేస్తున్నా.

హాలీసిక్కా · 17 జనవరి, ఉదయం 11:27

తోమకు.